ఫ్రెంచ్ ప్రెస్సా, పోర్ ఓవరా: ఇంట్లో కాఫీకి ఏది మేలు?

ఇంట్లోనే మంచి కాఫీ చేసుకోవాలనుకునేవారు పదే పదే అడిగే ప్రశ్న ఇది: ఫ్రెంచ్ ప్రెస్ కొనుక్కోవాలా, పోర్ ఓవర్ డ్రిప్పర్ కొనుక్కోవాలా? ఫ్రెంచ్ ప్రెస్ అంటే పొడిని వేడినీళ్లలో నానబెట్టి, లోహపు జల్లెడను కిందికి నొక్కి వడకట్టే పాత్ర; పోర్ ఓవర్ డ్రిప్పర్ అంటే కాగితం ఫిల్టర్‌లో వేసిన పొడి మీద నీళ్లు పోసి కిందికి దింపే గరాటు. రెండూ మంచి సాధనాలే. రెండింటితోనూ గొప్ప కాఫీ వస్తుంది, రెండింటితోనూ నోట పెట్టలేని కాఫీ కూడా వస్తుంది. రుచుల తేడా గురించి కావలసినంత చర్చ ఇప్పటికే జరిగింది కాబట్టి, ఎంపికను అసలు తేల్చేది ఏదని నేను అనుకుంటున్నానో ఆ విషయం మీదే ఇక్కడ ఎక్కువసేపు నిలుస్తాను. కొలతలో చిన్న తేడా వచ్చినప్పుడు ఏ సాధనం ఎంతవరకు సర్దుకుపోతుందన్నదే ఆ విషయం.

కొలత అనగానే మన చేయి చెంచా మీదికి వెళుతుంది. కానీ చెంచా చెప్పేది పొడి ఎంత చోటు ఆక్రమించిందన్నది మాత్రమే; కాఫీకి కావలసింది బరువు. గింజను ముదురుగా వేయించే కొద్దీ అందులోని తేమ పోయి, గింజ ఉబ్బి, తేలికపడుతుంది. అందువల్ల అదే చెంచాడు పొడి లేతగా వేయించినదైతే ఎక్కువ తూగుతుంది, ముదురుగా వేయించినదైతే తక్కువ తూగుతుంది. చెంచాను అంచుకు సమంగా నింపామా, గుట్టగా తీశామా, పొడి బరకగా ఉందా, మెత్తగా ఉందా అన్న తేడాలు దీనికి అదనం. నాణ్యమైన కాఫీకి ప్రమాణాలు నిర్ణయించే సంస్థ స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ ప్రమాణం లీటరు నీటికి 55 గ్రాముల పొడి, అందులో పది శాతం అటూ ఇటూ. 250 గ్రాముల నీటికి 15 గ్రాములు వేస్తే లీటరుకు 60 గ్రాములవుతుంది, ఆ పరిధిలోనే ఉంటుంది. రెండు గ్రాములు తగ్గితే లీటరుకు 52, రెండు గ్రాములు పెరిగితే 68. చెంచాతో కొలిచేటప్పుడు రెండు గ్రాముల తేడా కంటికి ఆనదు, నాలుకకు మాత్రం బాగా తెలుస్తుంది. అందుకే ఏ సాధనం కొన్నా, దానికంటే ముందు 0.1 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ త్రాసు కొనమని గట్టిగా చెబుతాను. నీటిని కూడా దాని మీదే తూచుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. కాఫీ చిక్కదనం వేరు, పొడిలోంచి సారం ఎంత దిగిందన్నది వేరు. ఈ రెండింటినీ విడదీసి కొలిచి, ఒకే పటం మీద చూపించినవాడు 1950లలో అమెరికాలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త ఎర్నెస్ట్ లాక్‌హార్ట్. పొడి బరువులో 18 నుంచి 22 శాతం నీటిలోకి దిగితే రుచి సమంగా ఉంటుందన్న లెక్క అప్పటి నుంచే వాడుకలో ఉంది. అంతకంటే తక్కువ దిగితే కాఫీ పుల్లగా, డొల్లగా ఉంటుంది; ఎక్కువ దిగితే చేదెక్కి నాలుకను పట్టేస్తుంది. చిక్కదనాన్ని ముఖ్యంగా పొడికీ నీటికీ ఉన్న నిష్పత్తి నిర్ణయిస్తే, సారాన్ని పొడి మెత్తదనం, నీటి వేడి, నీరు పొడిని తాకి ఉన్న సమయం నిర్ణయిస్తాయి.

పోర్ ఓవర్‌లో ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. మొదట పొడి బరువుకు రెండింతల నీళ్లు పోసి అర నిమిషం ఆగుతాం. వేయించిన గింజలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ బయటపడుతూ, పొడి పైభాగం తడిసి ఉబ్బి, అక్కడక్కడా బుడగలు పగులుతుంటాయి. ఆ తర్వాత పోసే నీరు ఎంత వేగంగా కిందికి దిగాలో పొడి పొరే నిర్ణయిస్తుంది. పొడి రెండు గ్రాములు ఎక్కువైతే ఆ పొర మందమై నీరు నెమ్మదిస్తుంది, అంటే చిక్కదనంతో పాటు సారం దిగే తీరు కూడా మారుతుంది. పొడి కాస్త మెత్తగా పడినా అంతే. చేయి ఒక పక్కకే పోస్తే నీరు అటువైపు కాలువ చేసుకుని జారిపోతుంది, మిగిలిన పొడి సరిగా నానదు. కొలతలో జరిగిన ఒక్క తేడా కప్పులో రెండు తేడాలుగా కనిపిస్తుంది, వాటిలో దేన్ని సరిదిద్దాలో కొత్తవారికి పాలుపోదు.

ఫ్రెంచ్ ప్రెస్‌లో పొడి మొత్తం ఒకేసారి నీటిలో మునిగి నానుతుంది. నీటిలో సారం పెరిగే కొద్దీ ఇంకా దిగే వేగం తగ్గుతుంది కాబట్టి, నాలుగు నిమిషాలకు బదులు ఐదు నిమిషాలైనా కాఫీ పాడైపోదు. నీళ్లు ఎటువైపు నుంచి పోశామన్నదానితో పనిలేదు. పొడి ఒక గ్రాము ఎక్కువైతే కాఫీ కాస్త చిక్కబడుతుంది, రుచి తీరు పెద్దగా మారదు. నిన్న బాగా కుదిరిన కాఫీ ఇవాళ కూడా కుదరాలనుకునేవారికి ఇంతకంటే నమ్మకమైన సాధనం నాకు తెలియదు, నా మొగ్గు దీనివైపే.

దీని లోపాలు కూడా చెప్పాలి. లోహపు జల్లెడ సన్నని పొడిని ఆపలేదు, కప్పు అడుగున మడ్డి చేరుతుంది. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో మెలిటా బెంట్జ్ కాగితం ఫిల్టర్‌కు రూపమిచ్చింది ఈ మడ్డిని వదిలించుకోవడానికే. కాగితం మడ్డితో పాటు కాఫీలోని నూనెలను కూడా పట్టి ఉంచుతుంది. ఆ నూనెలలో ఉండే కెఫెస్టాల్ అనే పదార్థం రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది కాబట్టి, ఆ సమస్య ఉండి రోజూ రెండు మూడు కప్పులు తాగేవారు నా మొగ్గును పక్కనపెట్టి పోర్ ఓవర్ తీసుకోవడమే సరైనది. లేతగా వేయించిన గింజల్లోని పూల, పండ్ల పరిమళాలు విడివిడిగా తెలియాలన్నా పోర్ ఓవర్ కాఫీలోనే స్పష్టంగా తెలుస్తాయి. మంచి గ్రైండరు, త్రాసు, ఓపిక మూడూ ఉన్నవారికి అది తగిన ప్రతిఫలమే ఇస్తుంది.

గ్రైండరు మాట వచ్చింది కాబట్టి: తిరిగే బ్లేడుతో గింజలను నరికే రకం ఒకే విడతలో దుమ్మునీ, పలుకులనూ కలిపి ఇస్తుంది. దుమ్ము నుంచి చేదు, పలుకుల నుంచి పులుపు వస్తాయి. రెండు పళ్ల చక్రాల మధ్య నలిపే బర్ గ్రైండరు, చేత్తో తిప్పేదైనా సరే, దానికంటే ఎంతో మేలు.

ఈ రెండూ కాక మిగిలిన సాధనాల గురించి ఒక మాట. పొయ్యి మీద పెట్టి, ఆవిరి ఒత్తిడితో నీటిని పొడిలోంచి పైకి పంపే మోకా పాట్‌లో కొలత పాత్రలోనే ఉంటుంది: నీళ్లు వాల్వ్ కిందివరకు, పొడి గిన్నె నిండా, అదమకుండా. పాలతో తాగే చిక్కని కాఫీకి బాగుంటుంది, సగం కొలత చేయడం మాత్రం కుదరదు. నానిన కాఫీని చేత్తో నొక్కి ఫిల్టర్‌లోంచి దింపే గొట్టం లాంటి ఏరోప్రెస్ ఒక్కరికి చక్కగా సరిపోతుంది. ముందే పొడి నింపి మూసిన చిన్న డబ్బీలతో పనిచేసే క్యాప్సూల్ యంత్రాల్లో కొలత మన చేతిలో ఉండదు కాబట్టి వాటిని ఈ పోలికలోకి తేలేదు.

ఫ్రెంచ్ ప్రెస్‌తో మొదలుపెట్టేవారు ముందు వేడినీళ్లతో పాత్రను కడిగి, బరకగా మర పట్టిన పొడి 30 గ్రాములు వేసి, త్రాసును సున్నాకు తెచ్చి, 90 నుంచి 96 డిగ్రీల మధ్య వేడి ఉన్న నీళ్లు 500 గ్రాములు పోయండి. నాలుగు నిమిషాలకు పైన అట్ట కట్టిన పొడిని చెంచాతో విడగొట్టి, తేలిన నురగను తీసేసి, మరికొన్ని నిమిషాలు తేరుకోనిచ్చి, జల్లెడను నెమ్మదిగా దించి వంపుకోండి. పొడి తన బరువుకు దాదాపు రెండింతల నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి కప్పుల్లోకి సుమారు 440 గ్రాములే వస్తుంది. పుల్లగా అనిపిస్తే మర్నాడు పొడిని కాస్త మెత్తగా, చేదనిపిస్తే ఇంకాస్త బరకగా మర పట్టండి. రుచి కుదిరే వరకు తూకాలను మాత్రం కదిలించకండి.