బండి వేడిగా ఉంటే బేరం మొదలుపెట్టకండి: 1969 షెవెల్‌తో నేను తిన్న దెబ్బ

అమెరికాలో పాత మజిల్ కారు (పెద్ద ఇంజిన్‌తో దూసుకెళ్లే రకం) కొనాలని చూస్తున్న మనవాళ్లు ఎవరైనా ఉంటే, చెక్కు రాసే ముందు ఇది ఒకసారి చదవండి. నేను డాలస్ దగ్గర ఉంటాను. గత ఆగస్టులో 1969 షెవ్రొలే షెవెల్ మాలిబు కొన్నాను, 34,500 డాలర్లకి. నా చేతికి వచ్చాక అది నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదు. ఇంజిన్ ఇప్పుడు ముక్కలు ముక్కలుగా ఒక మెషిన్ షాపులో బల్ల మీద ఉంది.

ప్రకటనలో రాసింది ఇదీ: 350 వీ8 (350 క్యూబిక్ అంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), నంబర్స్ మ్యాచింగ్ (అంటే కారుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అసలు ఇంజినే), ఈమధ్యే రీబిల్డ్ (విప్పి బాగుచేసి మళ్లీ బిగించడం) చేసిన ఇంజిన్. ఫొటోల్లో రంగు అద్దంలా ఉంది. డాలస్ నుంచి తూర్పుగా రెండున్నర గంటల డ్రైవ్. నేను వెళ్లేసరికి కారు ఇంటి ముందు స్టార్ట్ చేసి ఉంది, ఇంజిన్ గుర్రుమంటోంది. "మీరు వస్తున్నారని వేడి చేసి పెట్టాను" అన్నాడు అమ్మేవాడు. చుట్టం వస్తే కాఫీ కలిపి పెట్టినట్టు, ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌లో ఆయిల్ అంతా కిందికి దిగిపోయి ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి కొన్ని సెకన్లలోనే దాని అసలు గుణం బయటపడుతుంది. బేరింగులు అరిగితే కింద నుంచి టకటకమంటుంది. వాల్వ్ సీళ్లు పోతే సైలెన్సర్ నుంచి నీలం పొగ గుప్పుమంటుంది. పది నిమిషాలు తిరిగాక ఇవేవీ కనిపించవు. ఇంకో సంగతి, ఆయిల్ పూర్తిగా కాగి పలచబడితే కొన్ని రోగాలు మళ్లీ తలెత్తుతాయి, కానీ దానికి అరగంటో ముప్పావుగంటో నడపాలి. నాకు చూపించినప్పుడు ఇంజిన్ ఆ రెంటికీ మధ్యలో ఉంది. చల్లగా ఉన్నప్పటి చప్పుడూ వినపడదు, బాగా కాగినప్పటి చప్పుడూ వినపడదు. టెస్ట్ డ్రైవ్ అంటూ తిప్పింది పది నిమిషాలు. సాయంత్రం ఇంకొకరు చూడ్డానికి వస్తున్నారని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనకముందే నేను సంతకం పెట్టేశాను.

ఐ-20 హైవే మీద ఇంటికి వస్తుంటే మొదటి గంట స్వర్గం. పక్క లేన్లో వాళ్లు కిటికీ దించి బొటనవేలు చూపిస్తున్నారు. హైవే దిగి ఎర్రలైటు దగ్గర ఆగానో లేదో, బానెట్ కింద కుట్టుమిషన్ తొక్కినట్టు ఒకటే చప్పుడు. ఎండకేమో అనుకున్నాను. మరుసటి వారం కూడా అంతే, చల్లగా ఉన్నప్పుడు కాస్త, వేడెక్కాక మరీ.

పాత షెవ్రొలేలు మాత్రమే చూసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఇంజిన్ స్టార్ట్ చేయలేదు. తాళం ఆన్ వరకు తిప్పి డాష్‌బోర్డు వైపు వేలు చూపించాడు. నాకేమీ కనిపించలేదు. ఆయన చూపించింది కూడా అదే! ఈ కారులో ఆయిల్ ప్రెషర్‌కి ముల్లు ఉండదు, ఒక లైటు మాత్రమే ఉంటుంది. తాళం ఆన్ చేసి స్టార్ట్ చేయకముందు అది వెలగాలి, ఇంజిన్ అందుకోగానే ఆరిపోవాలి. నా కారులో అసలు వెలగలేదు, ఎందుకంటే బల్బు లేదు. ఎవరో తీసేశారు. ఎవరు తీశారో నేను నిరూపించలేను గానీ, అది దానంతట అది ఊడిపోయే వస్తువైతే కాదు.

తర్వాత ఆయన మెకానికల్ గేజ్ బిగించి ముప్పావుగంట నడిపించాడు. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ 55 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). బాగా కాగాక ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా వదిలేస్తే, 6. ఇలాంటి ఇంజిన్లకి ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) సుమారు 10 పీఎస్ఐ ఉండాలని మెకానిక్‌ల లెక్క. పైగా ఐడిల్‌ని స్క్రూ తిప్పి కావాలనే ఎక్కువగా పెట్టి ఉందట, ప్రెషర్ కాస్త నిలబడటానికి.

ఆయిల్ తీస్తే ఆముదంలా జారింది. చిక్కటి ఆయిల్‌లో ఇంకా చిక్కబరిచే మందేదో కలిపి పోశారు, చప్పుడు వినపడకుండా. ఆ తర్వాత ఆయన ఆయిల్ ఫిల్టర్‌ని కట్టర్‌తో కోసి, లోపలి కాగితం మడతల్ని ట్రేలో పరిచి టార్చి వేశాడు. పట్టుచీర జరీ అంచులా మెరిసిందండీ. అయస్కాంతం దగ్గరికి తెస్తే సగం రజను అతుక్కుంది, సగం కదల్లేదు. అతుక్కున్నది కామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిపించే కడ్డీ), దాని మీద ఆనుకుని ఉండే లిఫ్టర్లు, వాటి ఇనుము. అతుక్కోనిది బేరింగుల పైపూత. నా 34,500 డాలర్లు ఆ ట్రేలో కనిపించాయి నాకు.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం చెప్తాను, ఎందుకంటే "ఈమధ్యే రీబిల్డ్" అన్న మాటలోనే మెలిక ఉంది. ఆ కాలపు షెవ్రొలే ఇంజిన్లలో ఫ్లాట్ టాపెట్ కామ్ ఉంటుంది. కామ్ లోబ్ (కామ్‌షాఫ్ట్ మీది ఉబ్బు) మీద లిఫ్టర్ నేరుగా రాసుకుంటూ, తనూ గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఆ రెంటి మధ్య లోహం లోహాన్ని తినకుండా కాపాడేది ఆయిల్‌లోని జింకు. ఇప్పటి కార్లలో పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్లు పాడవకూడదని మామూలు ఆయిళ్లలో జింకు తగ్గించేశారు. అందుకే పాత ఇంజిన్‌కి కొత్త కామ్ వేస్తే జింకు ఎక్కువున్న ఆయిల్ పోసి, మొదటిసారి స్టార్ట్ చేయగానే ఇరవై నిమిషాల పాటు 2,000 ఆర్‌పీఎం చుట్టుపక్కల ఉంచాలి. ఐడిల్‌లో వదిలేస్తే కామ్ అక్కడే పోతుంది. నా ఇంజిన్‌కి ఎవరో చవగ్గా కామ్ మార్చి, ఈ పని సరిగ్గా చేయలేదని పెద్దాయన అంచనా. విప్పితే, కోడిగుడ్డు ఆకారంలో ఉండాల్సిన లోబ్ ఒకటి నిమ్మకాయలా గుండ్రంగా అయిపోయి ఉంది. ఆ అరిగిన ఇనుమంతా ఆయిల్‌తో పాటు తిరిగి బేరింగుల్ని రాగి కనిపించేదాకా గీసేసింది. క్రాంక్‌షాఫ్ట్ మీద కూడా గీతలే.

నంబర్స్ మ్యాచింగ్ సంగతి కూడా వినండి. కారు విన్ (ఆ కారుకే ప్రత్యేకమైన గుర్తింపు నంబర్)లో కొంత భాగాన్ని ఫ్యాక్టరీలోనే ఇంజిన్ మీద, సాధారణంగా ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్‌కి ముందున్న చిన్న చదును మీద గుద్దేవారు. నా ఇంజిన్ మీద ఆ చోట దట్టంగా ఆరెంజ్ రంగు పూసి ఉంది. గీకి చూస్తే నున్నటి లోహం, ఒక్క అంకె లేదు. వెనక గేర్‌బాక్స్ కలిసే అంచు దగ్గర బ్లాకు (ఇంజిన్ ప్రధాన భాగం) పోత పోసిన తేదీ ఉంటుంది: నెలకి ఒక ఇంగ్లిష్ అక్షరం, తర్వాత రోజు, చివర సంవత్సరంలోని ఆఖరి అంకె. నాదాంట్లో ఆ చివరి అంకె 6. 1969 కారులో పుట్టిన ఇంజిన్ అయితే అక్కడ 8 గానీ 9 గానీ ఉండాలి. అంటే ఇది ఈ కారుతో పుట్టిన బ్లాకు కాదు.

ఇంకో మాట, మీలో ఎస్ఎస్ 396 (షెవెల్‌లోనే ఎక్కువ పవరున్న, ఖరీదైన రకం) కోసం చూసేవాళ్లకి. 1969లో షెవెల్ ఎస్ఎస్ అనేది విడి మోడల్ కాదు, జెడ్25 అనే ఆప్షన్ ప్యాకేజీ. కాబట్టి విన్ చూసి అది అసలైన ఎస్ఎస్ అని చెప్పలేరు. మాలిబుకి బ్యాడ్జీలు అతికించి ఎస్ఎస్ ధర అడిగేవాళ్లకి ఆ ఏడాది కార్లంటే పండగే. ఫ్యాక్టరీ కాగితాలు చూపించమనండి.

డబ్బు సంగతి. ఇంజిన్ పనికి ప్రస్తుతం చెప్పిన అంచనా 8,600 డాలర్లు. అది కూడా బ్లాకు బతికితే. సిలిండర్లని ఇప్పటికే 60 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) పెద్దవి చేసి ఉన్నారు, గోడలు ఎంత మందం మిగిలాయో శబ్ద తరంగాలతో కొలిచే సోనిక్ టెస్ట్ చేస్తే గానీ తెలీదు. పలచబడితే వేరే బ్లాకు వెతుక్కోవాలి.

లాయరుని అడిగాను. అమ్మకం కాగితం మీద "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టుగా, వారంటీ లేకుండా) అని ఉంది, కింద నా సంతకం ఉంది. డీలర్లు సెకండ్ హ్యాండ్ కారు కిటికీకి అంటించాల్సిన, వారంటీ ఉందో లేదో చెప్పే బయర్స్ గైడ్ కాగితం ఇలా ఇంటి దగ్గర ఎవరో ఒకరు అమ్మే బండికి వర్తించదు. లోపాలున్న బండి అంటగడితే కొన్నవాళ్లని ఆదుకునే టెక్సస్ లెమన్ లా కొత్త బండ్ల కోసం. అమ్మినవాడు అబద్ధం చెప్పాడని నేను రుజువు చేయాలి. ప్రకటన స్క్రీన్‌షాట్ అయినా తీసి పెట్టుకున్నారా అని లాయరు అడిగాడు. లేదు. మీరు తీసి పెట్టుకోండి, అమ్మేవాళ్లతో మాటలన్నీ మెసేజ్‌ల్లోనే నడపండి.

గుంటూరులో నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఒరేయ్, నేను 1988లో సెకండ్ హ్యాండ్ చేతక్ కొన్నప్పుడు కూడా మెకానిక్‌ని వెంటపెట్టుకుని వెళ్లాను కదరా" అన్నాడు. ఇక్కడ కొన్ని వందల డాలర్లిస్తే కొనేముందు వచ్చి బండి చూసిపెట్టే మనుషులున్నారు. అమ్మ అయితే ఆ మాట కూడా అనలేదు, ఎండలో ఎక్కువ తిరగొద్దని మాత్రం చెప్పింది.

ఇప్పుడు ఈ పోస్టు ఎందుకంటే, నాకు అమ్మిన మనిషే పోయిన వారం ఒక షెవ్రొలే నోవా కారుని అమ్మకానికి పెట్టాడు. అదే ఇంటి ముందు ఫొటోలు, అదే "ఈమధ్యే రీబిల్డ్". పేరు ఇక్కడ రాయను. డాలస్ చుట్టుపక్కల వాళ్లెవరైనా తూర్పు టెక్సస్ వైపు బండి చూడ్డానికి వెళ్తుంటే నాకు మెసేజ్ చేయండి. కంప్రెషన్ గేజ్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచేది), బోర్‌స్కోప్ (ఇంజిన్ లోపలికి పెట్టి చూసే సన్న కెమెరా) రెండూ కొన్నాను, శనివారాలు ఖాళీయే, వెంట వస్తాను. ముందు రోజే ఫోన్ చేసి బండి స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే రేడియేటర్ పైగొట్టం మీద చెయ్యి పెట్టి చూద్దాం. వేడిగా ఉంటే అక్కడే ఎక్కడైనా టిఫిన్ తిని, నాలుగు గంటల తర్వాత మళ్లీ వెళ్దాం.