చెట్టెక్కే యంత్రం మంచిదే, తంటా అంతా దాని వైరుతోనే

కొబ్బరి చెట్టెక్కే యంత్రం ఎలా ఉంటుంది, ధరెంత, బరువెంత అన్నవి వెతికితే బోలెడు దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. ఇది కేరళ నుంచి వచ్చిన నిలబడి ఎక్కే నమూనా గురించి. కుడికాలికొక ముక్క, ఎడమకాలికొక ముక్క, ఒక్కోదానికి చెట్టు చుట్టూ తిరిగే ఇనుప వైరు. కోనసీమలో సముద్రానికి దగ్గరున్న తోటల్లో, దింపుకీ (కాయలు కోసి దించడానికీ) చెట్టు తల శుభ్రం చేయడానికీ ఏళ్ల తరబడి వాడుతున్నాను. అమ్మేవాళ్లు గొట్టాల మందం చెబుతారు, పెయింటు చూపిస్తారు, పెడలు మీద రబ్బరు చూపిస్తారు. మనిషి బరువు మోసేది మాత్రం నల్ల రబ్బరు గొట్టంలో దాక్కున్న తీగ. కొన్న రోజు నుంచి దాన్ని కళ్లతో చూసే వీలే ఉండదు. నా గొడవంతా దాంతోనే.

ఇది పట్టే తీరు చూస్తే సంగతి అర్థమవుతుంది. పెడలు మీద బరువు పడగానే ఫ్రేము వాలి, దాని దిమ్మ మానుకు ఆనుకుంటుంది, అవతలి వైపు వైరు బిగుసుకుంటుంది. కాలు తేలిక చేసి పిడి ఎత్తితే వైరు వదులై అడుగు దూరం పైకి జరుగుతుంది. అంటే 50 అడుగుల చెట్టుకు ఒక్కో వైరు ఎక్కేటప్పుడు 50 సార్లు, దిగేటప్పుడు మరో 50 సార్లు బిగిసి వదులవుతుంది. రోజుకు 20 చెట్లనుకుంటే రెండు వేల సార్లు. ఆ వంపు పడేది ప్రతిసారీ ఒకే చోట, ఫ్రేములోంచి వైరు బయటికొచ్చే మొదటి జానెడులో. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తుంచడం అందరికీ తెలిసిందే. ఇక్కడ జరిగేదీ అదే, కాకపోతే నెమ్మదిగా.

దీనికి బలం చాలక కాదు. 8 మిల్లీమీటర్ల మంచి వైరు తెగాలంటే మూడు టన్నులు దాటి బరువు కావాలి. పాడు చేసేది పైనున్న రబ్బరు తొడుగు. అది ఉండాల్సిందే, లేకపోతే వైరు మానును కోస్తుంది, పట్టు కూడా చాలదు. కానీ ఒకే పొడుగు ముక్కగా తొడుగుతారు, రెండు కొసలూ తెరిచే ఉంటాయి. మంచు నీళ్లు, వాన నీళ్లు లోపలికి దిగుతాయి, బయటికి రావు. మామూలు వైరు నడిమధ్య నార తాడు ఉంటుంది. కొత్తలో అది గ్రీజు పట్టి ఉంటుంది, గ్రీజు ఎండాక నీళ్లు పీల్చి పట్టుకుంటుంది. దానికి ఉప్పుగాలి తోడైతే వైరు లోపలి నుంచి తుప్పు తింటుంది. కొసన మడత విడిపోకుండా నొక్కిన అల్యూమినియం గొట్టం ముక్క, అంటే ఫెర్రూలు ఉంటే అది ఇంకో బాధ. ఇనుమూ అల్యూమినియమూ ఉప్పు తేమలో కలిసి ఉంటే తెల్లటి పొడి కట్టి ఫెర్రూలు పట్టు వదిలేస్తుంది.

నా యంత్రంలో ఎడమ ముక్క వైరు వానాకాలంలో చెయ్యిచ్చింది. ఏ దుకాణం సరుకో రాయను. ఇదే తరహా వైరు వేసి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఉన్నట్టుండి పుటుక్కున తెగిపోలేదు, ముందే కబురు పెట్టింది. మామూలుగా రెండు పెడళ్లూ ఒకే వాలులో ఆగుతాయి. ఎడమది బరువు పడ్డాక రెండు వేళ్ల మందం ఎక్కువ దిగి ఆగడం మొదలైంది. వైరు సాగితే ఫ్రేము ఎక్కువ వాలాక గానీ పట్టదు. కాకపోతే మాను సన్నబడే చోట కూడా పెడలు ఇలాగే వాలుతుంది కాబట్టి ఈ గుర్తు కలిసిపోతుంది. తేడా ఒక్కటే: మాను సన్నబడితే రెండు పెడళ్లూ వాలతాయి, వైరు సాగితే ఒక్కటే వాలుతుంది. ఆ తర్వాత 30 అడుగుల ఎత్తులో గొట్టం లోపల టిక్కుమని చిన్న చప్పుడు, దాని వెంటే పెడలు ఒక్క ఉదుటున ఒరిగి, దిమ్మ మాను మీద జానెడు జారి ఆగింది. కింద రబ్బరు కోసి చూస్తే ఆరు పాయల్లో రెండు పూర్తిగా తెగి ఉన్నాయి, మూడో పాయలో సగం తీగలు పోయాయి, మధ్య నార నల్లటి పొడిగా రాలింది. ఇవన్నీ ఫ్రేము నోటి దగ్గరి ఆ జానెడులోనే. మిగతా వైరు ఇంకా జింకు మెరుపుతోనే ఉంది.

ఒక ముక్క పట్టు తప్పితే రెండోది ఉందిగా అంటారు. నిలబడటానికి ఉంది, దిగడానికి లేదు. ఒక ముక్క జరగాలంటే బరువు రెండోదాని మీద ఉండాలి కదా. అందుకే నడుం బెల్టు తాడు ఎలాంటిదన్నది ముఖ్యం. మాను చుట్టూ ఊరికే తిప్పి రెండు వైపులా బెల్టుకు తగిలించే తాడు మనిషి వెనక్కి పడకుండా ఆపుతుంది, కాళ్లు రెండూ జారితే మాత్రం తాడు కూడా మనిషితో పాటే మాను వెంట కిందికి వస్తుంది. కావాల్సింది బరువు పడేకొద్దీ మానుకు ఉరిలా బిగుసుకునే పట్టీ. కొమ్మల్లేని నిటారు మాను మీద పనిచేసేటప్పుడు బయటి దేశాల ట్రీ సర్జన్లు (చెట్లెక్కి కొమ్మలు కొట్టేవాళ్లు) కూడా బిగుసుకునే తాడే వేసుకుంటారు. అది ఉంటే దిగడం ఇలా: పట్టీని రెండు వైర్లకూ పైన, ఛాతీ ఎత్తులో బిగించి దాని మీద వాలాలి. పాడైన ముక్క వైరు కింద ఉంటే ముందు దాన్ని దించాలి, లేకపోతే మంచిదానికి అడ్డం వస్తుంది. తర్వాత మంచి ముక్కను అడుగు దించి దాని మీద నిలబడాలి, పట్టీ వదులు చేసి దించాలి, మళ్లీ వాలాలి. చాలా నెమ్మదైన పని. అయినా పని జరుగుతుంది.

వైరు మార్చేటప్పుడు మళ్లీ అదే రకం వేయించలేదు. ఆరు పాయలు, పాయకు పందొమ్మిది తీగలున్న వైరు అడిగి తెచ్చుకోవాలి. పాయకు ఏడు తీగలే ఉన్నది చూడటానికి గట్టిగా ఉంటుంది గానీ వంపుకు త్వరగా విరుగుతుంది. కొసన మడతలో వైరు నలగకుండా లోహపు గాడి ముక్క (తింబుల్) పెట్టి, మూడు యు క్లాంపులు వేశాను. రెంటి మధ్య 50 మిల్లీమీటర్లు ఎడం. ఇక్కడ చాలా వర్క్‌షాపుల్లో తిరగేస్తారు: క్లాంపు దిమ్మ బరువు మోసే పొడుగు వైరు మీద ఉండాలి, యు వంపు పొట్టి తోక మీద ఉండాలి. తిరగేస్తే యు వంపు బరువు మోసే వైరునే నలిపేస్తుంది. బిగించాక ఒకసారి నేలకు రెండడుగుల ఎత్తున చెట్టుకు వేసి, బరువంతా వేసి కుదిపి, నట్లు మళ్లీ బిగించాలి. మొదటి బరువుకు వైరు సన్నబడి నట్లు వదులవుతాయి. క్లాంపులు ఎంత సరిగ్గా వేసినా వైరు బలంలో ఐదో వంతు పోతుంది, మంచి మిషన్‌తో నొక్కిన ఫెర్రూలుకు అంత పోదు. ఆ లెక్క తెలిసే క్లాంపులు ఎంచుకున్నాను. ఉన్న బలం కొంత తగ్గినా, కంటికి కనిపించే ముడి నాకు కావాలి.

రబ్బరు తొడుగు మాత్రం మానలేదు, నాలుగు ముక్కలు చేశాను. ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు సందు, నీళ్లు అక్కడ కారిపోతాయి, ముక్కను పక్కకు జరిపి కింద ఏముందో చూడొచ్చు. ఫ్రేము నోటి దగ్గరి జానెడును పూర్తిగా వదిలేశాను. ఆ భాగం ఎలాగూ మానును తాకదు, ఫ్రేముకూ మానుకూ మధ్య గాలిలోనే ఉంటుంది. అక్కడ రబ్బరు చేసే మేలు లేదు, దాచిపెట్టడం తప్ప. తొడుగు బదులు పారదర్శక ప్లాస్టిక్ గొట్టం వేస్తే లోపల కనిపిస్తుంది కదా అని కొందరు వేస్తున్నారు. ఎండకు అది గట్టిపడి తడి మాను మీద జారుతుంది, వద్దు.

పొద్దున్నే చేసే పరీక్షకు పాత పంచె ముక్క చాలు. వట్టి చేత్తో తడిమితే తీగ ముల్లు గుచ్చుకుంటుంది. పంచె ముక్కను వైరు చుట్టూ పట్టి, జానెడు భాగం మీద అటూ ఇటూ లాగితే తెగిన తీగ ఉన్నచోట దారం పోగు చిక్కుకుంటుంది. క్రేను స్లింగులకు ఒక మెలిక నిడివిలో (ఒక పాయ వైరు చుట్టూ పూర్తిగా ఒకసారి తిరిగే దూరంలో) పది తీగలు తెగేదాకా వాడొచ్చని ఒక లెక్క ఉంది. మనిషి నిలబడే వైరుకు ఆ లెక్క పెట్టుకోకూడదు. ఒక్క పోగు చిక్కినా వైరు మార్చేస్తాను. తెగకపోయినా తింబుల్ దగ్గర ఎర్రటి పొడి రాలుతుంటే, లేదా వైరు ఒకచోట సన్నబడినట్టు కనిపిస్తే అదీ మార్చాల్సిందే.

ఇంత తిట్టాక దీన్ని ఎందుకు వదల్లేదంటే పైన రెండు చేతులూ ఖాళీగా ఉండటం కోసం. కాళ్లకు బంధం వేసుకుని ఎక్కినవాళ్లు ఒక చేత్తో మట్ట పట్టుకునే పనిచేయాలి. దీని మీద పెడళ్ల మీద నిలబడి, పట్టీ మీద వాలి, ఎండు మట్టలు, డొక్కలు, పీచు తాపీగా లాగేయొచ్చు. గెల కాడను రెండు చేతులతో పట్టి కోయొచ్చు. అయితే పై వైరు కింది మట్టల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి తల లోపలికి దూరడం కుదరదు. కొమ్ము పురుగు మొవ్వులో బెజ్జం చేస్తే దాన్ని బయటికి లాగే కొక్కెం పిడి మామూలు కంటే మూరెడు పొడుగు కావాలి. మట్ట మొదళ్లలో నాఫ్తలిన్ గోళీలు మూడు నాలుగు పెట్టి ఇసుక కప్పడం కూడా దగ్గరి వైపే తేలిక. అవతలి వైపుకు రెండు ముక్కలనూ మార్చి మార్చి పక్కకు జరుపుకుంటూ తిరగాలి, అది బాగా విసుగు పుట్టించే పని.

ఎవరైనా ఒక్కరోజులో నేర్చుకోవచ్చన్న మాట నిటారు చెట్టుకు, ఎండాకాలానికి నిజమే. అడుగున మాను లావుగా ఉంటుంది, ఆ లావుకు సరిపెట్టిన వైరు నాలుగడుగులు ఎక్కాక వదులవుతుంది. అక్కడ ఆగి వైరు కొక్కేన్ని ఫ్రేము లోపలి బెజ్జానికి మార్చుకోవాలి. తుపాన్లకు ఒరిగి పెరిగిన చెట్ల మీద యంత్రం మానుకు కింది వైపుకు తిరిగిపోతుంది, వాటికి వాడొద్దు. వానల్లో పాచి పట్టిన మాను మీద వైరు పట్టేలోపు అంగుళం జారుతుంది. వైరు ఆనే అవతలి వైపును కొబ్బరి పీచుతో రుద్దుకుంటూ ఎక్కాలి. వైర్లు రెండూ ఒకదాన్నొకటి దాటకూడదు, పైది పైనే ఉండాలి. ఇవి వీడియో చూసి నేర్చుకునేవి కావు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో మొదలుపెట్టిన ‘ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ’ శిక్షణ ఆరు రోజులది, కుదిరితే అక్కడ నేర్చుకోవడం మేలు. చెట్టెక్కేవాళ్ల కోసం ఆ బోర్డు పెట్టిన ‘కేర సురక్ష’ బీమా గురించీ అక్కడే అడగండి.

కొనాలా వద్దా అంటే మీ పనిని బట్టి. చెట్టుకింత అని కూలి తీసుకునే దింపు కార్మికులకు ఇది గిట్టదు. యంత్రం తగిలించి విప్పేలోపు బంధం మీద ఎక్కేవాళ్లు పక్క చెట్టుకు వెళ్లిపోతారు. ఎకరంలో అరవై డెబ్బై చెట్లున్న సొంత తోట ఉండి, దింపుకు మనుషులు దొరక్క 45 రోజుల దింపు రెండు నెలలకు పోతుంటే పనికొస్తుంది. చెట్టు తల శుభ్రం చేసే పని, మందు పెట్టే పని ఎక్కువున్నవాళ్లకు ఇంకా బాగా పనికొస్తుంది. నాది ఆ పని, ఉప్పుగాలి తోటలు, కాబట్టి వైరును వానాకాలానికి ముందోసారి, తర్వాతోసారి మార్చే ఖర్చు కలుపుకునే ధర లెక్కేసుకుంటాను. అశ్వారావుపేట లాంటి లోపలి ప్రాంతాల్లో అంత త్వరగా తుప్పు పట్టకపోవచ్చు. అక్కడైనా కొన్న రోజునే రబ్బరు కోసి, లోపలి వైరు చూశాకే మొదటి చెట్టెక్కండి.