స్టాఫ్ నర్సుల కోసం వెదుకులాట: జాబ్ పోర్టల్ మేలా, ఫోన్ ఆప్ మేలా, వాట్సాప్ గ్రూపు మేలా?

తిరుపతిలో ఆసుపత్రులకు కొదవ లేదు. రుయా, స్విమ్స్, బర్డ్ వంటి పెద్ద సంస్థలు ఉండగానే, ఊరి నలుమూలలా ప్రైవేటు నర్సింగ్ హోములు వెలిశాయి. కొదవల్లా నర్సులకే. ఒక మధ్యస్థాయి ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటుగా నెలనెలా డ్యూటీ పట్టిక రాసేది నేనే. నైట్ డ్యూటీ వరుసలో ఒకటో రెండో గళ్లు ఖాళీగా మిగలని నెల అరుదు. ఆ గళ్లు నింపడానికి ఆన్‌లైన్‌లో మూడు దారులు వాడి చూశాను.

మొదటిది నౌక్రీ, ఇండీడ్ వంటి జాబ్ పోర్టళ్లు. ప్రకటన పెట్టిన రెండు రోజుల్లోనే దరఖాస్తులు గుట్టలుగా వస్తాయి. తీరా తెరిచి చూస్తే వాటిలో ఫార్మసీ చదివినవారు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆసుపత్రి అన్న మాట కనబడగానే బటన్ నొక్కినవారు చాలామంది ఉంటారు. అయితే ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న రోగిని చూసుకున్న అనుభవమో, ఓటీ (ఆపరేషన్ థియేటర్) అనుభవమో కావలసినప్పుడు పోర్టల్‌కు సాటి మరొకటి లేదు. ఎన్నేళ్లు, ఏ విభాగంలో చేశారో వడగట్టి వెదికే వీలు అక్కడే ఉంది. చిక్కు వేరే చోట ఉంది. మాకు చిత్తూరు అమ్మాయిని చూపించే పోర్టలే ఆ అమ్మాయికి చెన్నై, బెంగళూరు ఆసుపత్రులనూ చూపిస్తుంది. చిత్తూరు నుంచి తమిళనాడులోని వేలూరు సీఎంసీ ఆసుపత్రి బస్సులో వెళ్లివచ్చేంత దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో 2.98 కోట్ల మంది నర్సులున్నా, ఇంకా 58 లక్షల మంది తక్కువపడుతున్నారు. పోర్టల్ కొత్త నర్సును తయారుచేయదు. ఉన్న నర్సుకు ఎక్కువ జీతమిచ్చే చోటు చూపిస్తుంది. ఆమె వైపు నుంచి చూస్తే అది న్యాయమే. తక్కువ జీతమిచ్చే ఆసుపత్రికి మాత్రం చేతిలో ఉన్న మనిషి కూడా జారిపోతుంది.

రెండోది అప్నా వంటి ఫోన్ ఆప్‌లు. ఇక్కడ రెజ్యూమె రాయడం రాకపోయినా ఫరవాలేదు, నేరుగా ఫోన్ చేసి మాట్లాడుకుంటారు. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తిచేసి మొదటి ఉద్యోగం వెదుకుతున్న పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి పిల్లలు మాకు దొరికింది ఎక్కువగా ఈ దారినే. మా మొదటి ప్రకటనలో ‘ఆకర్షణీయమైన జీతం’ అని రాసి వారం రోజులు ఎదురుచూశాం. ఫోన్ చేసినవారు కొద్దిమందే. వారు అడిగినవీ దాదాపు ఒకే ప్రశ్నలు: ‘హాస్టల్ ఉందా మేడమ్? నెలకు నైట్లు ఎన్ని? రాత్రి వార్డులో ఎంతమంది సిస్టర్లు ఉంటారు?’ ఆ మూడింటికీ జవాబులు, వాటితోపాటు జీతం అంకె ప్రకటనలోనే రాసి మళ్లీ పెట్టాక వచ్చిన ఫోన్ల తీరే మారిపోయింది. వచ్చినవారు అన్నీ తెలుసుకుని వచ్చారు గనుక మొదటి నెల దాటగానే మానేయలేదు. ఇందులో ఆప్ గొప్పతనం ఎంత, ప్రకటన గొప్పతనం ఎంత అంటే రెండోదానికే నా ఓటు.

వాట్సాప్ గ్రూపులది వేగం. సాయంత్రం సందేశం పెడితే పొద్దునకల్లా ఎవరో ఒకరు వస్తారు. వచ్చిన మనిషి గురించి గ్రూపులో ఉన్న సిస్టర్లే నాలుగు మాటలు చెబుతారు, అది ఏ పోర్టల్‌లోనూ దొరకదు. కాని అదే గ్రూపులో ‘జర్మనీలో నర్సు ఉద్యోగం, ముందుగా ఫీజు కట్టండి’ అనే సందేశాలూ తిరుగుతుంటాయి. విదేశాలకు పంపే ఏజెంటుకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో ఏజెంటు పేరు ఉందో లేదో చూడకుండా రూపాయి ఇవ్వవద్దని మా పిల్లలకు పదేపదే చెబుతుంటాను. కేంద్రం 2015లో తెచ్చిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉచితమే గాని, మాకు దాని ద్వారా ఇంతవరకు ఒక్కరూ రాలేదు.

ఏ దారిన వచ్చినా నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూసుకునే బాధ్యత మాదే. తమిళనాడులోనో కర్ణాటకలోనో రిజిస్టరై వచ్చినవారు ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లోనూ నమోదు చేయించుకోవాలి; ఈ సంగతి చేరిన తరువాత బయటపడితే ఇరుపక్షాలకూ తలనొప్పే. ఒకసారి ఐసీయూకు చక్కగా సరిపోయే అమ్మాయి పోర్టల్ ద్వారా వచ్చింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే, అంతకుముందు పనిచేసిన ఆసుపత్రివారు తమ దగ్గరే పెట్టుకుని ఇవ్వడం లేదని జిరాక్సు కాగితాలు చేతిలో పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇటువంటి పద్ధతి ఉన్నంతకాలం ఎన్ని ఆప్‌లు వచ్చినా నర్సు చోటు మారడం తేలిక కాదు.

జీతం సంగతి దాటవేసి ఏది మేలో తేల్చలేము. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశంతో ఏర్పాటైన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. ఆ మొత్తం ఇవ్వలేనివారు పోర్టల్‌కు డబ్బు కట్టడం వృథా అని నా అభిప్రాయం. అక్కడ పక్కపక్కనే పెద్ద ఆసుపత్రుల అంకెలు కనబడుతుంటాయి.

ఈ నెల మాకు ఖాళీలు రెండు. వార్డు ఖాళీని హాస్టల్, నైట్ల లెక్క, జీతంతో సహా ఆప్‌లో పెట్టాను. సెలవుపై వెళ్లే సిస్టర్ స్థానంలో పది రోజులకు మనిషి కావాలని గ్రూపులో రాశాను. ఐసీయూ ఖాళీకి పోర్టలే దిక్కు గనుక, ప్రకటన పంపేముందు యాజమాన్యం చేత జీతం అంకె కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకున్నాను.