గార్డు డోరు సెన్సార్లు కొంటున్నారా? పచ్చలైటు చూసి బిల్లు పాస్ చెయ్యకండి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పల్పు ఫ్యాక్టరీలు నడిపేవాళ్లకు, అక్కడ మెయింటెనెన్స్ చూసే అన్నదమ్ములకు ఈ మాట. సీజను మొదలయ్యేలోపు మెషిన్ల గార్డు డోర్లకు (తిరిగే భాగాలకు అడ్డంగా ఉండే తలుపులకు) నాన్‌కాంటాక్ట్ సేఫ్టీ సెన్సార్లు, అంటే తలుపు తెరుచుకుందని తాకకుండానే పసిగట్టి మెషిను ఆపేవి, పెట్టించే ఆలోచన ఉంటే, డబ్బు కట్టకముందే ఇది చదవండి.

మాది చిత్తూరు దగ్గర తోతాపురి గుజ్జు తీసే యూనిట్టు. టెంకె తీసే మెషినుకు, పల్పరుకు (గుజ్జును జల్లెడ పట్టే మెషినుకు), కన్వేయరుకు సెన్సార్లు కావాలని ఒక డీలరుకు ఆర్డరిచ్చాం. కొటేషన్‌లో రాసిచ్చింది ‘కోడెడ్ ఆర్‌ఎఫ్‌ఐడీ సేఫ్టీ సెన్సారు, రెండు ఛానళ్లు, సేఫ్టీ రిలేతో సహా’ అని. అంటే తలుపుకు బిగించిన జత ముక్కలోని కోడ్‌ను రేడియో తరంగాలతో చదివి గుర్తుపట్టే సెన్సారు, దాని నుంచి రెండు వేరువేరు సిగ్నల్ దారులు, ఆ రెంటినీ సరిపోల్చి తేడా వస్తే మోటారు ఆపే రిలే. తీరా బిగించింది మామూలు రీడ్ స్విచ్, అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే చిన్న స్విచ్. పసుపు డబ్బా, దాని మీద సేఫ్టీ అని స్టిక్కరు. తలుపు మూస్తే పచ్చలైటు, తీస్తే ఎర్రలైటు, మోటారు ఆగుతుంది. వాళ్ల మనిషి అదే పదేపదే తీసి మూసి చూపించి సంతకం పెట్టించుకుని వెళ్లాడు.

బండారం సీజను నడుమ బయటపడింది. పల్పరు జల్లెడకు తొక్క, పీచు పట్టేస్తే తలుపు తీసి కడగాలి. ఆ రాత్రి షిఫ్టులో తలుపు బార్లా తీసి ఉంది, లోపల పాడిల్స్ (గుజ్జును కొట్టే తెడ్లు) తిరుగుతూనే ఉన్నాయి. పని ఆగకూడదని ఎవరో సెన్సారుకు పాత స్పీకరులోని అయస్కాంతం ముక్క అంటించారు. ఆ సంగతి తెలియని హెల్పరు కుర్రాడు చెయ్యి లోపలికి పెట్టబోతుంటే ఆపరేటరు కేకేసి ఎమర్జెన్సీ స్టాప్ నొక్కాడు. దెబ్బ తగల్లేదు. అయస్కాంతం పెట్టినవాడి మీద కోపం లేదనను. కానీ అయస్కాంతం ముక్కకే లొంగిపోయే వస్తువును సేఫ్టీ పేరు పెట్టి అమ్మినవాళ్లను మాత్రం నేను క్షమించలేను.

తలుపు తీస్తే మెషిను ఆపే ఇలాంటి ఏర్పాట్లను ఇంటర్‌లాకులంటారు. వాటి గురించి ఐఎస్‌ఓ 14119 అని ఒక ప్రమాణం ఉంది. నాన్‌కాంటాక్ట్ రకాలను అది రెండుగా విడదీస్తుంది. కోడింగ్ లేనివి టైప్ 3, ఉన్నవి టైప్ 4. టైప్ 4లో కూడా కోడింగ్ తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మెట్లున్నాయి. వెయ్యికి మించి వేరువేరు కోడ్‌లు సాధ్యమైతేనే అది ‘ఎక్కువ’ కింద లెక్క. దానికి నేర్పిన జత ముక్క తప్ప ఇంకోటి దగ్గర పెట్టినా ఒప్పుకోదు. టైప్ 3 అసలు వాడకూడదని కాదు. చేతికి అందని చోట, కనపడకుండా, మామూలు స్క్రూడ్రైవరుకు ఊడని స్క్రూలతో బిగించాలి. మాకు పెట్టింది తలుపు ముందువైపు, ఎదురుగా కనపడేట్టు, స్టార్ స్క్రూలతో.

ప్యానెల్ తెరిచి చూస్తే ఇంకా ఘోరం. సెన్సారు నుంచి వచ్చే వైర్లు రెండే. అసలైన ఓఎస్‌ఎస్‌డీ అవుట్‌పుట్ (తనను తాను పరీక్షించుకునే ఎలక్ట్రానిక్ అవుట్‌పుట్) సెన్సారుకు 24 వోల్టుల సప్లైకి రెండు, అవుట్‌పుట్‌కు రెండు, కనీసం నాలుగు వైర్లు ఉంటాయి. ఆ రెండు అవుట్‌పుట్ల మీద సెన్సారే క్షణక్షణం చిన్న టెస్ట్ పల్సులు వదిలి షార్టయిందేమో చూసుకుంటుంది. మావి నేరుగా మామూలు పీఎల్‌సీ (మెషిన్లను నడిపే చిన్న కంప్యూటరు) ఇన్‌పుట్‌కు వెళ్లాయి, సేఫ్టీ రిలే పత్తా లేదు. మోటారుకు కరెంటు కలిపే, తెంపే కాంటాక్టరు ఒక్కటే. దాని కాంటాక్టులు అతుక్కుపోతే తలుపు తీసినా మోటారు ఆగదు. ఆ సంగతి ప్యానెల్‌కు తెలిసే దారీ లేదు. సరైన పద్ధతిలో రెండు కాంటాక్టర్లు వరుసగా పెట్టి, వాటి మిర్రర్ కాంటాక్టులను (అసలు కాంటాక్టు అతుక్కుంటే తాము కలవని సహాయక కాంటాక్టులను) రిలే ఫీడ్‌బ్యాక్‌కు తిప్పుతారు. ఒకటి అతుక్కుంటే మళ్లీ స్టార్టు అవ్వనివ్వదు.

కన్వేయరు వెంబడి ఉన్న తలుపులన్నీ ఒకే వరుసలో కలిపేశారు. రీడ్ స్విచ్‌లాగా లోపల కాంటాక్టులు కలిసి తెగే రకం సెన్సార్లను ఇలా కలిపితే, మంచి రిలే ఉన్నా ఒక చిక్కుంది. మూడో తలుపు దగ్గర ఒక ఛానల్ షార్టయింది అనుకోండి. ఆ తలుపు తీసినప్పుడు ఒక ఛానలే తెగుతుంది, తేడా పసిగట్టి రిలే మొరాయిస్తుంది. ఈలోపు ఎవరో మొదటి తలుపు తీసి మూస్తారు. రెండు ఛానళ్లూ తెగి కలిశాయి కాబట్టి అంతా బాగుందనుకుని రిలే రీసెట్ అయిపోతుంది. షార్టు అట్లాగే ఉంటుంది. ముఖ్యమైన తలుపులకు విడివిడిగా ఇన్‌పుట్లు అడగండి, లేదా తమను తాము చెక్ చేసుకునే సెన్సార్లే అడగండి.

డీలర్లు అస్సలు ఎత్తని విషయం ఇంకోటి. కరెంటు తీసేసినా పల్పరు రోటరు (పాడిల్స్‌తో తిరిగే ఇరుసు) వెంటనే ఆగదు, కొంతసేపు తిరుగుతుంది. మనిషి దగ్గరికొచ్చే వేగం సెకనుకు 1600 మిల్లీమీటర్లని లెక్కకడతారు. రోటరు ఆగడానికి 5 సెకన్లు పడితే తలుపుకూ పాడిల్‌కూ మధ్య 8 మీటర్లు ఉండాలన్నమాట. అంత జాగా ఎక్కడుంది? అలాంటి మెషినుకు ఎంత ఖరీదైన సెన్సారు పెట్టినా సరిపోదు. పూర్తిగా ఆగేదాకా తలుపు తెరుచుకోనివ్వని గార్డు లాకింగ్ కావాలి. మీ రోటరు ఆగడానికి ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచ్ పట్టుకుని చూసి, ఆ అంకెను ఆర్డరులో రాయించండి.

కడిగే చోట వాడేవి కాబట్టి ఐపీ 69కే రేటింగ్ (నీళ్లు, దుమ్ము లోపలికి పోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) కూడా అడగండి. వేడినీళ్ల ప్రెషర్ గన్నుకు మామూలు ఐపీ 67 సరిపోదు.

ఫైనల్ బిల్లుకు ముందు డీలరు మనిషి ఎదురుగానే పరీక్ష పెట్టండి. సెన్సారుకు అయస్కాంతం పెట్టి చూడండి, పక్క తలుపు జత ముక్క తెచ్చి పెట్టి చూడండి. ఒక అవుట్‌పుట్ వైరు ఊడదీయించండి, మెషిను ఆగాలి, ఆ వైరు పెట్టేదాకా రీసెట్ కాకూడదు. తలుపు మూయగానే మోటారు దానంతటది తిరిగితే బిల్లు ఆపండి. రీసెట్ బటన్ నొక్కి, తర్వాత స్టార్టు నొక్కితేనే తిరగాలి. ఆ రీసెట్ బటన్ గార్డు లోపల నిలబడినవాడి చేతికి అందకూడదు. ఇదంతా కుదరదు, టైము లేదు అన్నాడంటే సరుకు వెనక్కి పంపండి.

మా డీలరు ‘లైటు వెలుగుతోంది కదా సార్, ఇంకేం కావాలి’ అన్నాడు. సంతకం పెట్టారు కాబట్టి డబ్బు తిరిగివ్వనంటున్నాడు. కొటేషన్, సెన్సార్ల ఫొటోలు, వైరింగు ఫొటోలు మా దగ్గరున్నాయి, వాటితో ముందుకు పోతున్నాం. మీరూ కొటేషన్‌లో ‘సేఫ్టీ సెన్సారు’ అన్న మాట దగ్గర ఆగకుండా కంపెనీ, మోడల్ నంబరు, టైపు, కోడింగ్ మెట్టు రాయించుకోండి. తయారీ కంపెనీ డిక్లరేషన్‌లో అదే మోడల్ నంబరు ఉందో లేదో పోల్చుకోండి.

ఇప్పటికే బిగించుకున్నవాళ్లు ఈరోజే సెన్సారు కేబుల్లో ఎన్ని వైర్లున్నాయో చూడండి. రెండే ఉంటే, ఆ తలుపు తీసినంత మాత్రాన మెషిను ఆగిందని ఎవర్నీ నమ్మనివ్వకండి. కడిగే ముందు మెయిన్ ఐసొలేటర్ (మెషినుకు కరెంటు మొత్తం తెంపే స్విచ్) ఆపి, తాళం వేసి, తాళంచెవి లోపల చెయ్యి పెట్టేవాడి జేబులోనే ఉంచండి.