రెండేళ్లు వాడాక చెప్తున్నా: కాంటాక్ట్ ట్రేసింగ్ యాప్ బానే ఉంది, ఆ కోడే కొంప ముంచింది

కరోనా టైమ్‌లో కాంటాక్ట్ ట్రేసింగ్ యాప్ వచ్చిన మొదటి నెలలోనే వేసుకున్నా, దాదాపు రెండేళ్లు బ్లూటూత్ ఆపకుండా వాడా. ఎలా ఇన్‌స్టాల్ చెయ్యాలి, బ్యాటరీ ఎంత తింటుంది, ఇవన్నీ అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నా బాధంతా ఒక్కదాని గురించే. పాజిటివ్ వచ్చినవాళ్లు యాప్‌లో కొట్టాల్సిన కోడ్.

ముందు మంచి చెప్తా. నాది ఆపిల్, గూగుల్ కలిసి 2020 మేలో ఇచ్చిన పద్ధతి మీద నడిచే యాప్. ఫోన్ మన పేరు చెప్పదు, ఊరు చెప్పదు, అర్థంపర్థం లేని ఒక నంబర్ చుట్టుపక్కలకి పంపిస్తూ ఉంటుంది, అది కూడా పది ఇరవై నిమిషాలకోసారి మారిపోతుంది. పక్కనున్న ఫోన్లు ఆ నంబర్లని 14 రోజులు తమ దగ్గరే దాచుకుంటాయి. ఎవరికైనా పాజిటివ్ వస్తే, వాళ్లు కోడ్ కొట్టాక వాళ్ల ఫోన్లోని కీస్, అంటే ఆ నంబర్లని పుట్టించే రహస్య అంకెలు, సర్వర్‌కి వెళ్తాయి, మిగతా ఫోన్లు వాటిని దింపుకుని తమ దగ్గరున్న నంబర్లతో పోల్చి చూసుకుంటాయి, కలిస్తే అలర్ట్ ఇస్తాయి, అంతే.

నాకు మొదటి అలర్ట్, పాజిటివ్ వచ్చిన మనిషి దగ్గర్లో ఉన్న మూడో రోజే వచ్చింది. ఎవరు, ఎక్కడ అని లేదు, తేదీ మాత్రం ఉంది. అమ్మ నా దగ్గరే ఉంటుంది, ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు, అందుకని ఆ సాయంత్రమే నేను వేరే గదిలోకి మారిపోయా. టెస్ట్‌లో నెగెటివ్ వచ్చింది, అయినా ఆ మూడు రోజుల స్పీడ్ చూసి తెలిసినవాళ్లందరికీ వేసుకోండి వేసుకోండి అని వెంటపడి చెప్పా.

ఆ తర్వాత కొన్నాళ్లకి నా వంతు వచ్చింది. ఒక సోమవారం బస్సులో నలభై నిమిషాలు ప్రయాణం, పక్క సీట్లో ఒక పెద్దాయన మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉన్నారు, పాప మాస్క్ కిందికి లాగేయడం, ఆయన మళ్లీ పైకి సర్దడం, దారంతా ఇదే. మంగళవారం రాత్రి నాకు జ్వరం. బుధవారం టెస్ట్, గురువారం సాయంత్రం పాజిటివ్ అని మెసేజ్. వెంటనే యాప్ తెరిచా, కోడ్ ఎంటర్ చెయ్యండి అని ఖాళీ గళ్లు కనపడ్డాయి. కోడ్ మాత్రం రాలేదు. కోడ్ ఇచ్చే ఆఫీసు నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్తారంట, అప్పటిదాకా ఆగాలంట. శుక్రవారం ఎవరూ చెయ్యలేదు. శనివారం జ్వరంలో నిద్రపోతుంటే ఏదో తెలియని నంబర్ నుంచి మిస్డ్ కాల్, తిరిగి చేస్తే ఈ నంబర్‌కి ఇన్‌కమింగ్ లేదు అని రికార్డింగ్. ఆదివారం మధ్యాహ్నం మళ్లీ కాల్ వచ్చింది, కోడ్ చెప్పారు, కొట్టా, పని అయిపోవడానికి నిమిషం కూడా పట్టలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. వైరస్ ఎక్కాక లక్షణాలు రావడానికి సగటున ఐదు రోజులు, అంతకు రెండు రోజుల ముందు నుంచే అది వేరేవాళ్లకి అంటుకోవచ్చు. అంటే సోమవారం నా వల్ల ఆ పెద్దాయనకి అంటుకుని ఉంటే గురువారం నుంచి ఆయన తనకి తెలీకుండానే అంటించగలరు. సరిగ్గా ఆ గురువారం సాయంత్రమే నా ఫలితం వచ్చింది, ఆయనకి చెప్పాల్సిందంతా నా జేబులోని ఫోన్లో రెడీగా ఉంది, పంపడానికి పర్మిషన్ ఒక్కటే లేదు. తెలిసినవాళ్లందరికీ గురువారం రాత్రే నేనే ఫోన్లు చేసి చెప్పేశా. తెలియనివాళ్లకి చెప్పడానికే కదా ఈ యాప్ ఉన్నది!

కోడ్ ఎందుకు పెట్టారో నాకు తెలుసు, అది లేకపోతే ఎవడైనా ఉత్తినే పాజిటివ్ అని నొక్కి వందల మందిని భయపెట్టొచ్చు. అది సబబే. కానీ ఆ కోడ్ ఫలితం మెసేజ్‌లోనే రావచ్చు కదా, మధ్యలో మనిషి ఫోన్ చెయ్యడం దేనికి. ఇంగ్లండ్, వేల్స్ యాప్‌లో టెస్ట్ యాప్ నుంచే బుక్ చేసుకుంటే ఫలితం నేరుగా యాప్‌లోకే వచ్చేది. వాళ్ల యాప్ 2020 చివరి మూడు నెలల్లో ఎంత పని చేసిందో లెక్కగట్టి 2021లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వేశారు, దాదాపు 17 లక్షల అలర్ట్‌లు వెళ్లాయి, లెక్కగట్టే పద్ధతిని బట్టి సుమారు 2.8 లక్షల నుంచి 5.9 లక్షల కేసులు తప్పాయని అంచనా. అది చదివినప్పుడు నాకు ఇంకా మండింది, పద్ధతి పనికొచ్చేదే, మా దగ్గర ఒక ఫోన్ కాల్ దగ్గర ఆగిపోయింది.

అలాగని పైన పొగిడినదంతా అలాగే ఉంచెయ్యలేను. మొదటి అలర్ట్ మూడో రోజే వచ్చిందన్నా కదా, అవతలి మనిషికి కోడ్ తొందరగా దొరికి ఉంటుంది, అది యాప్ గొప్పతనం అనుకున్నా. సిగ్నల్ బలాన్ని బట్టి ఫోన్ల మధ్య దూరం కొలిచే పని కూడా అంత నమ్మకమైనది కాదు, బ్లూటూత్ సిగ్నల్ గోడ దాటి పక్కింటికి వెళ్తుంది, వెనక జేబులో పెట్టుకుంటే ఒంటికి తగిలి తగ్గిపోతుంది. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ట్రామ్‌లో ఫోన్లు పెట్టి చూస్తే స్విస్, జర్మన్ యాప్‌ల రూల్స్ ప్రకారం ఒక్క అలర్ట్ కూడా రాలేదట, చుట్టూ ఉన్న లోహం వల్ల సిగ్నల్ అటూ ఇటూ అయిపోతుందట. కాబట్టి నాకు గురువారమే కోడ్ వచ్చినా బస్సులో పెద్దాయన ఫోన్ మోగేదని గ్యారంటీ లేదు. అసలు ఆయన ఫోన్లో యాప్ ఉందో లేదో. వందకి అరవై మంది వేసుకున్నా ఇద్దరి దగ్గరా ఉండే కలయికలు వందకి 36 మాత్రమే.

మరి మళ్లీ ఇలాంటిది వస్తే వేసుకుంటానా అంటే వేసుకుంటా, అమ్మ ఉంది కాబట్టి, రోజూ బస్సెక్కాలి కాబట్టి. ఇంట్లోంచే పని చేసుకుంటూ పదిమంది తెలిసినవాళ్లనే కలిసేవాళ్లకి ఫోన్ కాల్సే సరిపోతాయేమో, వాళ్లకి వేసుకోమని గట్టిగా చెప్పలేను. కానీ ఈసారి వేసుకునే ముందే కోడ్ ఎవరిస్తారు, ఎంతసేపట్లో ఇస్తారు అని అడుగుతా. ఆ పెద్దాయనకి అలర్ట్ వెళ్లిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు, ఈ పద్ధతిలో తెలిసే దారి కూడా లేదు.