వేదాయపాళెంలో గ్యాస్ గీజరు బిగింపు: ట్రంకు రోడ్డు దుకాణం సర్వీసుపై నా సమీక్ష

దుకాణానికి మూడు మార్కులు, వాళ్లు పంపిన మెకానిక్కుకు అయిదుకు అయిదు, సగటున నాలుగు. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని, మార్కులు ఊరికే వేయను. కారణాలు రాస్తున్నాను.

కొన్నది నిమిషానికి ఆరు లీటర్ల గ్యాస్ గీజరు. నెల్లూరులో గీజరు ఎందుకని నవ్వేవాళ్లు ఉంటారు. రోహిణి కార్తెలో మిద్దె మీది ట్యాంకు నీళ్లే చేయి పెట్టనివ్వవు, నిజమే. కానీ ఎనభై దాటిన మా అత్తగారికి మోకాళ్లకు వేడినీళ్లు పడనిదే పొద్దు గడవదు. పైగా మనకు వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పట్టిందంటే ముందు పోయేది కరెంటు. అందుకే కరెంటు గీజరు తీసేసి గ్యాసుది పెట్టించుకున్నాం. ఐఎస్ఐ ముద్ర ఉందా, దాని కింద ఐఎస్ 15558 అని ఉందా చూసి తీసుకున్నాను. ఎల్‌పీజీతో పనిచేసే చిన్న గీజర్లకు వర్తించే ప్రమాణం అదే.

దుకాణానికి మార్కులు తగ్గింది అమ్మకం కుర్రాడి వల్ల. "బాత్‌రూమ్‌లో షవరు పక్కనే బిగిస్తారు మేడం, అందరూ అంతే, మీకు పైపు ఖర్చు కూడా మిగులుతుంది" అన్నాడు. వాళ్ల డబ్బాలోని పుస్తకంలో మాత్రం స్నానాలగదిలో బిగించరాదని బొమ్మతో సహా వేసి, దాని మీద ఎర్ర అడ్డగీత గీసి ఉంది. అమ్మేవాడు ఆ పేజీ తిప్పి ఉండడు. తిప్పి ఉంటే అది ఇంకా తప్పు.

మెకానిక్కు ఉదయం వస్తానని మధ్యాహ్న భోజనాల వేళకు వచ్చాడు. నలభై అయిదేళ్లు ఉంటాయి, మాట తక్కువ. వచ్చీ రాగానే డ్రిల్లింగు మిషను తీస్తాడనుకుంటే, సంచీ గుమ్మంలో పెట్టి ఇల్లంతా ఒక చుట్టు తిరిగాడు. స్నానాలగదిలో తలెత్తి వెంటిలేటరు చూశాడు. దానికి మేము దోమల కోసం అట్టముక్క బిగించి ఉన్నాం. నెల్లూరు దోమల సంగతి తెలిసినవాళ్లు ఎవరూ మమ్మల్ని తప్పుపట్టరు.

"ఇక్కడ నేను బిగించనమ్మా. కావాలంటే మిషను వాపసు తీసుకెళ్తాను" అన్నాడు.

"అట్ట తీసేస్తాం బాబూ" అన్నాను.

"ఈ రోజు తీస్తారు. చలి మొదలయ్యాక మళ్లీ పెడతారు" అన్నాడు. అందులో కాదనడానికేమీ లేదు.

ఆయన వెళ్లాక నేను లెక్క వేసి చూసుకున్నాను. కిలో ఎల్‌పీజీ పూర్తిగా మండాలంటే సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. మా స్నానాలగది అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు. అందులో పట్టే మొత్తం గాలి తొమ్మిది ఘనపు మీటర్లకు లోపే. ఈ గీజరు వంటింటి పొయ్యిలోని పెద్ద బర్నరుకు మూడు నాలుగింతల గ్యాసు మింగుతుంది. తలుపు గడియ వేసుకుని, ఆవిరి మధ్య ఒకరి తర్వాత ఒకరు స్నానం చేస్తుంటే గదిలో గాలి పలచబడుతూ పోతుంది. ఆక్సిజన్ చాలని మంట కార్బన్ మోనాక్సైడ్ విడుస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండరులోని గ్యాసు లీకైతే ముక్కుకు తెలిసేలా వాసన కలుపుతారు కదా, గీజరు వదిలే ఈ వాయువుకు ఆ గుర్తు కూడా ఉండదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత కళ్లు తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ పోవడం. వేడినీళ్ల స్నానంలో కాస్త కళ్లు తిరిగితే ఎవరైనా ఆవిరి వల్లనే అనుకుంటారు. గడియ తీసే బలం లేకపోయాక సంగతి తెలిసి ఏం లాభం?

స్నానాలగది వద్దంటే వంటింటి కిటికీ పక్కన పెట్టమన్నాను. ఇక్కడ ఆయన చేసిన పని నాకు భలే నచ్చింది. పొయ్యి మీది చిమ్నీ వేయించి, దేవుడి గదిలోంచి ఒక అగరుబత్తి తెప్పించి, వెలిగించి నా చేతికిచ్చి కిటికీ చువ్వల దగ్గర పట్టుకోమన్నాడు. పొగ బయటికి పోతుందని నేను చూస్తుంటే, అది చువ్వల దగ్గరే వంగి గదిలోకి సాగి చిమ్నీ వైపు పోయింది. చిమ్నీ ఆపగానే నిటారుగా లేచింది. "చిమ్నీ లోపలి గాలిని బయటికి తోసేకొద్దీ ఆ లోటు పూడ్చుకోవడానికి గాలి ఈ కిటికీలోంచే వస్తుందమ్మా. గీజరు పొగ ఇక్కడ వదిలితే మీ వంటింటికే తిరిగొస్తుంది" అన్నాడు. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే గీజరు ఎక్కడ పెట్టినా ఫరవాలేదని చెప్పేవాళ్ల చేతికి ఒక అగరుబత్తి ఇచ్చి చూడమనాలి.

మధ్యలో గ్రిల్లు వేసిన నడవా ఉంది. అక్కడ ఇన్వర్టరు ఉండటం ఒక అభ్యంతరం, నిప్పురవ్వకు అవకాశం. రేపో మాపో ఆ గ్రిల్లుకు అద్దాలు బిగిస్తామన్నది రెండోది. ఆ ఆలోచన మావారికి ఉన్న మాట వాస్తవం, మెకానిక్కుకెలా తెలిసిందో మరి! చివరికి మిగిలింది బయటి గోడ. తూర్పు గోడ స్నానాలగదికి దగ్గర, పైపు కలిసొస్తుంది. కానీ తుపాను జల్లు అటునుంచే కొడుతుంది. మంట ఆరితే గ్యాసు దానంతటదే ఆగిపోయే వాల్వు లోపల ఉన్నా, నీళ్లు చేరితే మిషను పాడవుతుందన్నాడు. పడమటి గోడకు సజ్జా ఉంది. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, మళ్లీ పైకి చూసి చెరిపేశాడు. సరిగ్గా పైన మా అత్తగారి పడకగది కిటికీ. వేడి పొగ పైకే కదా పోయేది. ఆ గుర్తును కిటికీ నుంచి బాగా ఎడంగా, గోడ చివర బట్టలుతికే బండ వైపు జరిపాడు.

బండ దగ్గర నీళ్లు పోయే తూము ఉంది. సిలిండరు దానికి దూరంగా, కాస్త ఎత్తయిన సిమెంటు దిమ్మె మీద నిలువుగా పెట్టించాడు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేలబారున పాకి తూములోనో గుంటలోనో నిలుస్తుంది. గీజరును మంట కనిపించే కంత కళ్ల ఎత్తుకు వచ్చేలా బిగించాడు. జాయింట్లన్నిటికీ సబ్బు నురగ పూసి, బుడగ లేస్తుందేమో వేలు పెట్టి మరీ చూపించాడు. ఒకచోట చిన్న బుడగ లేచింది. విప్పి మళ్లీ బిగించి మళ్లీ పూశాడు. మంట వెలిగించి, "నీలంగా ఉన్నంతకాలం వాడండి. పసుపు కొసలు వచ్చినా, పైన మసి పట్టినా ఆపేసి ఫోను చేయండి" అన్నాడు. బయటే ఉంది కదా అని వాన కోసం చుట్టూ రేకు పెట్టె కట్టించవద్దని మాట తీసుకున్నాడు. మా అత్తగారు "పైపులో నీళ్లు చల్లారిపోవా నాయనా" అని అడిగితే, మొదటి రెండు చెంబులు చల్లగానే వస్తాయని ఉన్నమాట చెప్పాడు. అలాగే వస్తున్నాయి. వాటిని కరివేపాకు మొక్కకు పోస్తున్నాం.

ఇక నచ్చనివి. పైపు ఇరవై అడుగులు దాటింది. వేడి పోకుండా దాని మీద వేసిన తొడుగు, గోడకు కన్నం, కూలి అన్నీ కలిపి గీజరు ఖరీదులో మూడో వంతుకు వచ్చింది. ఆ డబ్బు దండగని నేననను, కానీ కొనేటప్పుడే చెప్పాలి కదా. "బిగింపు ఉచితం" అని బోర్డు పెట్టి, ఉచితం కావాలంటే స్నానాలగదిలోనే బిగించాలన్నట్టు లెక్క కడితే జనం ఏ గోడను ఎంచుకుంటారు? కన్నం చుట్టూ సిమెంటు పూత మనిషిని పంపిస్తామన్నారు, ఇంకా పంపలేదు. గోడ అక్కడ పొక్కిపోయి ఉంది.

మిషను విషయానికొస్తే, వేడి బాగుంది, కరెంటు లేకపోయినా బ్యాటరీలతో టక్కున వెలుగుతుంది. మా ట్యాంకు ఎక్కువ ఎత్తులో లేదు కాబట్టి నీళ్ల ఒత్తిడి తక్కువ. నీటి మట్టం తగ్గినప్పుడు ఒక్కోసారి వెలగడానికి మొరాయిస్తుంది. కొనేముందే మీ కుళాయి కింద బకెట్టు పెట్టి నిమిషానికి ఎన్ని లీటర్లు పడుతున్నాయో చూసుకోండి. మా వీధిలో లాగా ఉప్పు బోరునీళ్లు వాడేవాళ్లకు లోపలి గొట్టంలో గార కడుతుంది, ఏటా సర్వీసు తప్పదు. వేసవంతా వాడకుండా ఉంచితే బర్నరులో సాలీడు గూడు పెట్టినా మంట పసుపు తిరుగుతుందట, కాబట్టి ఆ సర్వీసు వానలకు ముందే చేయించుకోవడం మేలు. గ్యాసు వాసన వస్తే చేయాల్సిన 1906 నంబరును సిలిండరు పైన గోడ మీద పెయింటుతో రాయించాను.

ఈ దుకాణానికి వెళ్లేవాళ్లు కుర్రాడి మాటలు పక్కన పెట్టి, బిగించడానికి పెద్ద మెకానిక్కునే పంపమని బిల్లు కట్టకముందే అడగండి. ఆయన వచ్చి గోడ చూశాకే మిషను ఇంటికి పంపేలా మాట్లాడుకోండి. పైపు ధర అడుగుకు ఎంతో రాయించుకోండి. సిమెంటు పూత సంగతి కూడా అందులోనే రాయించండి.