సండే స్కూల్ పిల్లలతో క్రిస్మస్‌కి ఏం చేయించాలి: నక్షత్రమా, పశువుల పాకా?

రెండూ మంచివే, కానీ చెప్పే కథ ఒకటి కాదు. నక్షత్రం బైబిల్లో మత్తయి సువార్త 2వ అధ్యాయంలోది. పాకలో పెట్టే తొట్టి, గొర్రెల కాపరులు లూకా సువార్త 2లోనివి. ముందు ఆ భాగం చదివించి, తర్వాతే పిల్లల చేతికి కత్తెర ఇవ్వండి.

ఖర్చు: నక్షత్రానికి వెదురు బద్దలు, దారం, రంగు కాగితాలు, జిగురు కొనాలి. పాకకు అట్టపెట్టె, ఎండుగడ్డి, బంకమట్టి చాలు.

శ్రమ: నక్షత్రం ఒక పూటలో అయిపోతుంది. మట్టి బొమ్మలు ఆరాలి, రంగులు వేయాలి. రెండు ఆదివారాలైనా పడుతుంది. నాకు ఆ ఆలస్యమే ఇష్టం. కాపరి బొమ్మ చేస్తూ చేస్తూ ఏ పిల్లో అడుగుతుంది, "దూత ముందు వీళ్ల దగ్గరికే ఎందుకొచ్చాడు?" అని. ఆ ప్రశ్న కోసమే కదా ఇదంతా! 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి నిజమైన ఎద్దును, గాడిదను నిలబెట్టింది కూడా యేసు పుట్టిన రాత్రిని జనానికి కళ్లకు కట్టాలనే.

జాగ్రత్త: వెదురు చీల్చడం పెద్దవాళ్ల పని. గడ్డి దగ్గర కొవ్వొత్తి వద్దు. నక్షత్రాన్ని చూసి వచ్చిన జ్ఞానుల బొమ్మలను పాకలో పెట్టే ముందు మత్తయి 2:11 చదవండి. వాళ్లు వచ్చింది ఇంట్లోకి.

పెద్ద పిల్లలై, ఒక్కరోజే వీలుంటే నక్షత్రం. చిన్నపిల్లలై, డిసెంబరు మొదట్లోనే మొదలుపెట్టగలిగితే పాక.